గిద్యోను మామ బొప్పాయి కాడ

పట్నంల కర్ఫ్యూ పెట్టిన రోజు మా గిద్యోను మామ హిమాయత్‌సాగర్ల ముఖం ముంచి, నీళ్లకిందికెల్లే మూసీలకు పోయి, పురానాపూల్ కాడ లేచి, ఒక చాయ్ తాగి, మళ్ల అదే తొవ్వల తిరిగొచ్చిండు. జవాను ఒకడు లాఠీ ఎత్తిండట గాని, నోట్ల బొప్పాయి కాడ పెట్టుకున్న మనిషిని ఏ కారణం చెప్పి కొట్టాలెనో తోచక దించిండట.

నమ్మకుంటే మానేయుండ్రి. కాని మామకు నీళ్లల్ల ముఖం ముంచి చూసే పిచ్చి ఉన్నదని మా ఊరు అజీజ్‌నగర్ల బర్లకు సుత తెలుసు. రెండు గాజుపెంకులను సైకిల్ ట్యూబుల బిగించి, తారు పూసి, కండ్లకు కట్టుకుంటడు. ఎండబెట్టిన బొప్పాయి ఆకు కాడ ఒక కొస నోట్ల, రెండో కొస నీళ్లపైన. ఇగ బోర్ల తేలుతడు. పచ్చికాడ పనికిరాదు. పాలు అంటితే మూతి బూరెలెక్క ఉబ్బుతది.

"ఏం కనవడ్తది మామా?"

"చేప."

"ఇంకా?"

"ఇంకో చేప."

"ఏం చేస్తయి?"

"నోరు తెరుస్తయి. మాట్లాడయి."

ఆదివారమొస్తే పట్నపోళ్లు టిఫిన్ క్యారేజీలు, ట్రాన్సిస్టర్లు తెచ్చుకొని గండిపేట కట్టమీద జాతర చేస్తరు. మామ అటు దిక్కు చూడడు. ఇటు హిమాయత్‌సాగర్ ఒడ్డున, తుమ్మలు దాటినంక, రాళ్ల మూల ఒకటి ఉన్నది. అక్కడ నీళ్లు అద్దంలెక్క ఉంటయి. ఆ మూలకు పెండ్లాన్ని సుత తీస్కపోలే. నేను వస్తనంటే, "నువ్వొస్తే చేపలు పోతయి" అన్నడు. నేను వాగుడుకాయనన్న పేరు నీళ్లల్ల దాక పోయిందన్నట్టు.

అరవై తొమ్మిదిల తెలంగాణ ఉద్యమమొచ్చి అందరి చదువులు ఆపింది. నా చదువు నేను రెండేండ్ల ముందే ఆపిన. ఆ లెక్కన ఉద్యమంల అందరికంటె సీనియర్‌ను నేనే. కాని జైలుకు మాత్రం మా అన్న సాముయేలు పోయిండు. పట్నంల ఊరేగింపుల దొరకపట్టుకపోయిండ్రు. ఏ జైలో తెల్వదు, ఎప్పుడిడుస్తరో తెల్వదు.

మమ్ముల కన్న మా అవ్వ విమలమ్మ గిద్యోను మామకు సొంత అక్క. ఆమెకు నిద్ర పోయింది. రాత్రి పండనియ్యంది కొడుకు ఫికరు, పగలు పండనియ్యంది చుట్టాలు. చేవెళ్లకెల్లి, ఆలూరుకెల్లి, శంకర్‌పల్లికెల్లి, బస్సులు నడవకున్నా బండ్లు కట్టుకొని వచ్చుడే. అన్న బతికే ఉన్నడు గాని, వాళ్లు వచ్చుడు మాత్రం చావుకొచ్చినట్టే. గడపల అడుగుపెట్టంగనే కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "ఎట్లయిందే వదినె, జర మొదటికెల్లి చెప్పు" అంటరు. అవ్వ మొదటికెల్లి చెప్పాలె. ఏడ్వాలె. వాళ్లూ ఏడుస్తరు. ఒక ప్రార్థన, ఒక చాయ్. వాళ్లు లేస్తుంటే ఇంకో బండి. మళ్ల మొదటికెల్లి. విని విని, అన్నను పట్టుకపోయిన పోలీసాయన మీసాలు సుత నాకు యాదికున్నయి. ఆయన్ను నేనెన్నడు చూసింది లేదు.

ఒకనాడు చాయ్ పోసుకుంట పోసుకుంటనే అవ్వ కండ్లు తిరిగి పడ్డది. మొయినాబాద్ కెల్లి వచ్చిన కంపౌండరు నాడి చూసి, "ఈమెకు మందు గాదు, నిద్ర కావాలె. గిట్లనే ఉంటే మనిషి దక్కదు" అన్నడు. మామ గోడకానుకొని విన్నడు. పోయి ఎండిన కాడలు ఏరి కట్ట కట్టవట్టిండు. ఏమన్న అంటే మామ ఎట్లయితడు?

తెల్లారి చేవెళ్లకెల్లి మా మేనత్త ప్రమీలమ్మ, ఆమె మొగడు స్వామిదాసు బండి దిగిండ్రు. అత్త కొంగు నోటిదాక పోనేలేదు, మామ అడ్డం నిలవడ్డడు.

"చేపలు చూస్తరా?"

"ఏం చేపలు? మా వదినెను చూడొస్తే..."

"ముందుగాల చేపలు. మళ్ల వదినె."

"నీకు పిచ్చి ముదిరిందా గిద్యోనూ?"

"ముదిరింది. రాండ్రి."

ఎవ్వరికీ చూపెట్టని మూలకు ఊరేగింపు బయలెల్లింది! చాయ్ కెటిలి, కాడల కట్ట మోసేది నేను. నెత్తిమీద ఎండ, కాళ్లకింద తుమ్మముండ్లు. తొవ్వపొంట అత్త, "ఎట్లయింది బిడ్డా, నువ్వన్న చెప్పు" అని నా పానం తీసింది. ఒడ్డుకు పోంగనే మామ ఆమెను మోకాళ్ల లోతుల కూసోవెట్టి, కండ్లకు గాజుపెంకులు కట్టి, నోట్ల కాడ పెట్టిండు. మాట బందయింది.

స్వామిదాసు చాలసేపు ఆ నిశ్శబ్దం విన్నడు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

"గిద్యోనూ, గసొంటి కాడ ఒకటి ఇంటికి తీస్కపోవచ్చునా?"

"రెండు తీస్కపో. ఒకటి విరుగుతది."

అంతల ఒడ్డు కావలి కుర్మయ్య కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు. "ఓ గిద్యోనూ! పట్నపోళ్లు తాగే నీళ్లవి! మూతులు ముంచుతరా?"

"వాళ్లు పెట్టేది సుత మూతే కదనే" అన్నడు మామ.

ఇగ రోజూ ఇదే పని. ఇయ్యాల ఆలూరోళ్లు, రేపు శంకర్‌పల్లోళ్లు. బండి ఆగుడు, "చేపలు చూస్తరా?" అనుడు, నేను కెటిలి ఎత్తుకునుడు. ఉద్యమంల ఎవరికన్న కాళ్లు అరిగినయంటే అవి నావే. మామ మాత్రం రాయిమీద కూసొని ఉంటడు. గాజుపెంకులు తన దాక ఎన్నడు రావు.

"మామా, ఇంతమంది తొక్కుతుంటే నీ చేపలు పోయినయి కదా?"

"పోయినయి."

"మరి వీళ్లకేం కనవడ్తుంది?"

"బురద."

ఒకనాడు నాకు చాలయింది. చాయ్ అయిపోయిందని వంక చెప్పి, ఇంట్ల పడి పందామని చక్కగ ఇంటికొచ్చిన. వాకిట్ల సప్పుడు లేదు. చాప మీద అవ్వ ఒక పక్కకు ఒరిగి పండుకున్నది. నోరు జర తెరుచుకున్నది. సన్నగ గురక. అన్నను పట్టుకపోయినంక అవ్వ కండ్లు మూసి పండింది నేను చూసుడు అదే మొదలు. ఎన్నిరోజుల సంది ఈ ఇల్లు గిట్ల మధ్యాహ్నాలు ఊరుకుంటున్నదో, నాకు తెల్వనే తెల్వదు. ఎట్ల తెలుస్తది, నేను ముండ్లల్ల కెటిలి మోస్తుంటి.

అప్పుడే రోడ్డు మీద ఇంకో బండి ఆగింది. నలుగురు ఆడోళ్లు కొంగులు సదురుకుంట దిగుతున్నరు. నేను చెప్పుల్లేకుండనే ఉరికిన.

"చేపలు చూస్తరా?"

మరుసటి నెల అన్నను ఇడిసిపెట్టిండ్రు. బక్కగయిండు. వచ్చీరాంగనే మంచంల కూసొని మొదటికెల్లి చెప్పవోతే, మామ ఒక కాడ అందిచ్చిండు.

ఇప్పుడు నేనీ ముచ్చట ఎక్కడ చెప్పినా ఒక్కటే తీరు చెప్త: ఆ పూట పండిన మా అవ్వ మూడు దినాలు లేవలేదు, ఆమె గురకకు హిమాయత్‌సాగర్ల అలలు లేచి కుర్మయ్య గుడిసె కొట్టుకపోయింది అని. మొన్న మొయినాబాద్ హోటల్ల నలుగురి నడుమ ఇదే చెప్తుంటే, పక్క బల్ల మీద చాయ్ ఊదుకుంటున్న మామ తలెత్తకుండనే అన్నడు:

"మూడు దినాలు గాదు. పొద్దుగూకే దాక. లేచి, అన్నం ఉన్నదా అని అడిగింది."