కోచ్ చేత చెప్పించాలనుకున్న మాట

సుమనకు తన వ్యాపారానికి కోచ్ అవసరమా అంటే, లేదనే చెప్పాలి. ఆమెకు కావలసింది ఒక నోరు. అత్త వజ్రమ్మకు ఒకే ఒక్క మాట చెప్పే నోరు. అది తన వల్ల కాక, ఫీజు కట్టి ఇంకొకరి చేత చెప్పిద్దామని చూసింది.

సూరత్‌లోని డిండోలిలో వాళ్లది ఒక్క గది ఇల్లు. భర్త నరహరి మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. చీరలకు మెరుపు రాళ్లు అంటించే పనిని ఆ గల్లీకి తెచ్చింది వజ్రమ్మే. జగిత్యాల వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన ప్రతి ఆడమనిషికీ జిగురు పెట్టే గోందు గొట్టం పట్టుకోవడం నేర్పింది కూడా ఆమే. సలాబత్‌పురాలోని వ్యాపారి ఓంప్రకాష్ దగ్గర చీరల మూటలు తెచ్చి, ఇంటింటికీ పంచి, పనయ్యాక తిరిగి చేర్చడం మాత్రం కొన్నేళ్లుగా సుమన చూసుకుంటోంది. సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, హిందీ, గుజరాతీ గడగడా మాట్లాడుతుంది.

లాక్‌డౌన్‌లో బజారు మూతపడింది. గల్లీలో సగం మంది ఊళ్లకు వెళ్లిపోయారు. మళ్లీ తెరిచాక దొరికే పని తక్కువ, దాని కోసం ఎగబడేవాళ్లు ఎక్కువ. సరిగ్గా అప్పుడే వజ్రమ్మ చూపు మందగించింది. గీత మీద అంటించాల్సిన రాయి పక్కకు పోయేది. కళ్ల డాక్టరుకు చూపిద్దామంటే, కరోనా రోజుల్లో దవాఖాన పేరెత్తితేనే కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది.

“నాకేమైంది? మంచిగనే కనవడ్తుంది” అనేది.

ఇక సుమన చేసిన తెలివైన పని చూడండి. అత్త వంట దగ్గరికి లేవగానే, ఆమె అంటించిన వంకర రాళ్లను గోటితో ఊడదీసి, సానిటైజర్‌తో గోందు తుడిచి, మళ్లీ వరసగా అంటించేది. తుడిచిన చోట రంగు వెలిసి మరక పడేది. పెళ్లిళ్ల సీజనుకు వెళ్లిన మూటను ఓంప్రకాష్ మొహాన కొట్టినట్టు తిప్పి పంపాడు. ఇంకొక్క మూట ఇలా వస్తే గల్లీ మొత్తానికి పని బంద్ అన్నాడు.

“జెప్పరాదే అమ్మకు” అన్నాడు నరహరి.

“మీ అమ్మనే గదా, నువ్వే జెప్పు.”

నరహరి అంగీ తొడుక్కుని డ్యూటీకి పోయాడు. వరసగా ఎనిమిది మగ్గాలను చూసుకునే మగాడి ధైర్యం తల్లి దగ్గరికి వచ్చేసరికి అంతే.

అలాంటప్పుడు సుమన ఫోన్‌లో కనిపించాడు ఆ కోచ్. చిన్న వ్యాపారాలకు దారి చూపిస్తాడట, మొదటి మీటింగ్ ఉచితమట. కోడలు ఆ మాట చెబితే తప్పవుతుంది గానీ, కోటు తొడుక్కున్న పెద్ద సార్ చెబితే అత్త దండం పెట్టి మరీ వింటుంది. సుమన లెక్క అదీ. సంగతి ముందే ఆయన చెవిన వేద్దామని చూస్తే, విడిగా మాట్లాడటం ఫీజు కట్టాకే అన్నాడు. సరే, ఉచిత మీటింగులో మనిషెలాంటివాడో చూసి కడదామనుకుంది.

మధ్యాహ్నం గల్లీ ఆడవాళ్లంతా మాస్కులు గడ్డాల కిందికి లాక్కుని కూర్చున్నారు. ఫోన్ బియ్యం డబ్బాకు ఆనించి వీడియో కాల్ కలిపారు. మీ అందరిలో ఎవరి పని బాగుంటుందని కోచ్ హిందీలో అడిగాడు.

“వజ్రమ్మత్తది” అంది పక్కింటి కరుణ, రెప్ప కూడా వేయకుండా.

“ఆమె తర్వాతనే ఎవలైనా” అంది వెంకటవ్వ. మిగతావాళ్లు తలలూపారు. పెద్దమనిషి ఎదురుగా కూర్చుని ఉంటే ఇంకో జవాబు ఎవరి నోట వస్తుంది? సుమన కూడా తలూపింది.

కోచ్ సంబరపడ్డాడు. అయితే ఆమెనే చెకింగ్‌కు పెట్టండి, ఆమె చూసి సరే అనకుండా ఒక్క చీర కూడా గడప దాటకూడదు అన్నాడు. పాపం, ఆయన తప్పేముంది, విన్నది నమ్మాడు. ఆ మాటను తెలుగులో అత్తకు చెప్పాల్సిన ఖర్మ సుమనకే పట్టింది.

“సార్ సల్లగుండ! ఇయ్యాల్టి సంది నేనే జూస్త” అంది వజ్రమ్మ.

అందరూ వెళ్లాక, మర్నాడు పంపాల్సిన మూటను ఆమె గుమ్మం వెలుతురులోకి జరుపుకుంది. రాళ్లు వంకరగా ఉన్న చీర ఒకటి ఒళ్లోకి తీసుకుని, చేత్తో నిమిరి, “మంచిగుంది” అని పక్కన పెట్టింది. రెండోదీ అంతే. ఇక ఊరుకుంటే గల్లీ అంతా పస్తులే. సుమన వెళ్లి పక్కన కూర్చుంది.

“అత్తమ్మా, గవి వంకరున్నయి. నీకు కనవడ్తలేవు. నువ్వు అంటించినయి నేను ఊడదీసి మళ్ల అంటిస్తున్న. మరకలు గందుకే పడ్డయి.”

వజ్రమ్మ చెయ్యి చీర మీదే ఆగిపోయింది.

“ఎప్పటి సంది?”

“దసరా సంది.”

“గల్లీల అందరికి ఎరుకేనా?”

సుమన తల వంచుకుంది. వజ్రమ్మ చీరలన్నీ ఆమె ముందుకు నెట్టింది. “వంకరయి తీసి పక్కకు పెట్టు. మంచియే పంపు” అని, లేచి పొయ్యి దగ్గరికి పోయి అటు తిరిగి కూర్చుంది.

సాయంత్రం కోచ్ ఫీజు గురించి ఫోన్ చేశాడు. వద్దు సార్, అవసరం తీరిపోయిందని సుమన పెట్టేసింది.

“గాయనతోని నాకు ఏం జెప్పియ్యాలనుకున్నవ్?” అంది వజ్రమ్మ, సంగతి పసిగట్టి, ఇటు తిరగకుండానే.

“గిదే మాట, అత్తమ్మా.”

“కండ్లు పోతున్నయని నాకు తెల్వదా బిడ్డా? సూదిల దారం ఎక్కియ్యక ఎన్ని దినాలైంది! దానికి ఏడుస్తలేను. నా ఇంట్ల నన్ను సుట్టాన్ని జేసి కూసోవెట్టిండ్రు సూడు, గందుకు ఏడుపొస్తుంది.”