రెండు జెండాలు, ఒక వేలు

కోడలు మిద్దె మీద నా తెల్లచీరలు ఆరేసింది. గాలికి అవి టపటపా కొట్టుకుంటుంటే కింద అన్నం ముందు కూర్చున్న నేను కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశా. ముప్పై ఏళ్లు దాటిపోయినా ఆ చప్పుడు వింటే చాలు, కువైట్‌లో ఇసుక గ్రౌండులో రెండు పొడుగు గుంజల వెనక నిలబడినట్టే ఉంటుంది. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఇందులో నాకే ఇప్పటికీ అర్థం కానిది ఒకటుంది. చెప్పుకుంటూ పోతే అర్థమవుతుందేమోనని చెబుతున్నా.

మా ఆయన పోయిన మరుసటి ఏడాది కువైట్‌కు పోయి, సల్వా అనే పేటలో కెవిన్ సార్ ఇంట్లో పనికి కుదిరాను. సార్‌ది ఆస్ట్రేలియా. ఒంటరి మనిషి, ఇంజనీరు. వాళ్ల దేశపు ఫుట్‌బాల్ ఆటకు కువైట్‌లో ఒక క్లబ్బు పెట్టిందే ఆయన. మొదట్లో ఏడుగురే ఉండేవారట, ఊరి నుంచి తెచ్చుకున్న బంతి ఒక్కటేనట. సులైబియాలో గోడౌన్ల వెనక ఖాళీ జాగా చూసుకుని, రెండు వైపులా నాలుగేసి ఇనుప గొట్టాలు పాతి, చలికాలం శుక్రవారాల్లో ఆడేవారు. పచ్చిక లేదు, అంతా ఇసుకే. మోకాళ్లు చీరుకుపోయేవి. ఆ నెత్తురు మరకలు ఉతికేది నేను. ఎవరు వచ్చారు, ఎవరు ఓడారు అన్నది సార్ నీలం అట్ట పుస్తకంలో రాసేవారు. మనుషులు చాలక ఆట ఆగిపోయినా రాసేవారు. "రాయకపోతే ఆ రోజు క్లబ్బు లేనట్టే సుబ్బా" అనేవారు, సగం హిందీ, సగం అరబ్బీ కలిపి. నా పేరు సుబ్బమ్మ. చివరిదాకా పలకడం ఆయనకు రాలేదు.

బంతి గుడ్డులా ఉండేది. పక్కింటి డ్రైవరు రమణయ్యది మా కడప వైపే. "ఏంక్కా, మీ సారు ఆ గుడ్డు పొదిగితే పిల్లలొస్తాయా?" అని ఎగతాళి చేసేవాడు.

ఒక శుక్రవారం గోలు వెనక నిలబడి జెండాలు ఊపే మనిషి రాలేదు. సార్ ఒక తెల్లకోటు, రెండు తెల్ల జెండాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. నాకు కడుపు మండింది. మొగుడు పోయినదాన్ని, ఇక్కడికొచ్చినా తెలుపే కట్టిస్తారా అనుకున్నా. "నేను వేసుకోను సార్" అన్నా. ఆయనకు నా కోపం ఎందుకో తెలియదు. "ఇది వేసుకున్న మనిషి మాటే మాట. నేను కాదన్నా చెల్లదు" అన్నారు. ఊళ్లో పెళ్లికి పోతే వెనక వరసలో కూర్చోబెట్టిన మనిషిని నేను. ఆ మాటకు కోటు వేసుకున్నా.

పని ఇంతే. నడిమి రెండు పొడుగు గుంజల మధ్య బంతి పోతే ఆరు పాయింట్లు, రెండు జెండాలు ఊపాలి. వాటి పక్క గుంజల సందులో పోతే ఒక పాయింటు, ఒక జెండా. కానీ వెంటనే ఊపకూడదు. మధ్యలో పరిగెత్తే అంపైరు "ఆల్ క్లియర్" అని అరిచేదాకా ఆగాలి.

"గురి తప్పినదానికి కూడా ఒకటి ఇస్తారా సార్?" అని అడిగా.

"దగ్గరిదాకా తెచ్చాడు కదా సుబ్బా!"

నాకు అర్థం కాలేదు. తప్పు తప్పే కదా. అయినా మూడు చలికాలాలు ఊపాను.

ఆ తర్వాత ఎండాకాలంలో ఇరాకీ సైన్యం వచ్చిపడింది. తెల్లవాళ్లను ఏరి పట్టుకుపోతున్నారన్నారు. రమణయ్యను పనికి పెట్టుకున్న కఫీల్ కుటుంబం సౌదీకి పారిపోయింది, తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. సార్‌ను ఆ ఇంటి నేలమాళిగలో దాచాం. అక్కడి చిన్న కిటికీకి మా మిద్దె కనపడేది. రోజూ ఒకసారి సార్ వెనక సందులోంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని పోవాలి. గుర్తు జెండాలే. మిద్దె మీది దండెం మీద రెండు వేస్తే రావచ్చు. ఒకటే వేస్తే రాకూడదు.

నెల దాటాక ఒక మధ్యాహ్నం జీపులో సిపాయిలు మా ఇంట్లో దూరారు. బీరువాలు తిప్పి, టీవీ మోసుకుపోయారు. గేటు దగ్గర రమణయ్యను అడిగా, "పోయినారా?"

"పోయినారుక్కా. జీపు మలుపు తిరిగింది, నా కండ్లతో చూసినా."

"నిజంగానేనా?"

"ఎన్నిసార్లు చెప్పాల్నే నీకు! ఆయన పొద్దుట్నుంచి పస్తున్నాడు. యల్లా, బిన్నా జెండాలెయ్యి."

మిద్దెక్కాను. కాసేపు ఆగాలని లోపల ఏదో అంది. కానీ ఆల్ క్లియర్ చెప్పేవాళ్లు ఎవరున్నారు? రమణయ్య చెప్పిందే అదేమో అనుకున్నా. రెండూ వేశాను.

సార్ వచ్చారు. వెనకే జీపు కూడా వచ్చింది, వదిలిపోయిన ఫ్రిజ్ కోసం. వెనక గేటు దగ్గరే పట్టుకున్నారు. నేను అరబ్బీలో ఏమేమో అరిచాను, తుపాకీ మడమతో పక్కకు నెట్టారు. జీపు ఎక్కిస్తుంటే సార్ నా వైపు తిరిగి, నడుం దగ్గర చెయ్యి పెట్టి ఒక వేలు చూపించారు. బంతి పక్క సందులో పోతే, జెండా ఎత్తేముందు మేం పెట్టే గుర్తు అది. ఒకటి.

ఒకటి వేయాల్సింది సుబ్బా, అన్నారా? తప్పిపోయింది, అయినా దగ్గరిదాకా తెచ్చావు, ఒకటి నీదే అన్నారా? ముఖం చూస్తే కోపం లేదు. నవ్వూ లేదు. రమణయ్య ఇప్పటికీ ఫోనులో అంటాడు, "నీది తప్పు గాదులేక్కా, వాళ్లు మళ్లా వస్తారని ఎవురికి తెల్సు?" అతనికి ఆ వేలు సంగతి చెప్పలేదు.

బాగ్దాద్, అమ్మాన్ మీదుగా బొంబాయి చేరాను. పట్టుకుపోయిన తెల్లవాళ్లను ఆ చలికాలంలో విడిచిపెట్టారని రేడియోలో విన్నా. అందులో సార్ ఉన్నారో లేదో చెప్పేవాళ్లు లేరు. నీలం పుస్తకం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజు సంగతి అందులో ఎక్కలేదు. అందుకే కోడలి చేత రాయిస్తున్నా. సుబ్బమ్మ రెండు జెండాలు వేసింది, సార్ ఒకటన్నారు.

ఇప్పటికీ ఊళ్లో ఏ గొడవకైనా నన్ను పిలిస్తే, కంటితో చూసిందే చెబుతా, పక్కవాడు చూశానన్నది చెప్పను. బట్టలు ఆరేసేటప్పుడు మొదటి చీర వేసి, రెండోది చేతిలో పట్టుకుని వీధి రెండు వైపులా చూస్తా. "ఏంటత్తా, ఎవరైనా వస్తున్నారా?" అంటుంది కోడలు. ఎవరూ రారు. అయినా కాసేపు ఆగుతా.