పేరు పెట్టి పిలిచిన గొంతు

ఉదయగిరి కొండ కింద మేకలు కాసే మునెయ్య చిరుతపులికి భయపడడు. దయ్యాలకు మాత్రం శాస్త్రోక్తంగా భయపడతాడు. 1951లో ఒక మధ్యాహ్నం, తప్పిపోయిన మేక కోసం అతను కొండకు ఎడమ బాటన, భార్య గురవమ్మ కుడి బాటన ఎక్కారు. చుట్టు తిరిగి ఆ రెండు బాటలూ కలిసేది, కలరాకు జనం వదిలేసిపోయిన పాతపల్లెలో.

మునెయ్య అక్కడికి చేరగానే మొండిగోడల వెనక నుంచి పిలుపు వినిపించింది.

"మునెయ్యా! ఓ మునెయ్యా!"

గొంతు గురవమ్మదే. అయితే పన్నెండేళ్ల కాపురంలో ఆమె మొగుడి పేరు ఒక్కసారైనా పలికి ఎరగదు. కనుక ఇది ఆమె గొంతు అరువు తెచ్చుకున్న దయ్యమేనని తీర్మానించి, మునెయ్య ఆమె రావలసిన కుడి బాటనే కిందికి పరుగెత్తాడు. కొండ మొదలు దాకా గురవమ్మ ఎదురుపడలేదు. అంటే ఆమె పైనే ఉండాలి, ఆ దయ్యం దగ్గర. భయపడుతూనే అదే బాటన మళ్లీ ఎక్కాడు.

పిలుపు పాడుబావిలోంచి వస్తోంది. మునెయ్య పది అడుగుల దూరంలోనే ఆగి విచారణ ప్రారంభించాడు.

"గురవమ్మవైతే నా పేరెట్టా పలికినావు?"

"'ఏమయ్యా, ఏమయ్యా' అని గొంతు పోయేదాకా అరిచినాను, పలికినావా? ఈ బాయిలో పడి, కాలు బెణికి కూలబడుండాను, ఎదురుగా పాముండాది. ఇంకా మర్యాదలేందిరా, పిరికి సచ్చినోడా! తలగుడ్డ వదలరా కిందికి!"

ఏ దయ్యమూ ఇంత హక్కుగా తిట్టదని మునెయ్యకు నమ్మకం కుదిరింది. తలగుడ్డ విప్పుతూ బావి దగ్గరికి పరుగెత్తాడు.