చెవి చినిగిన ఏనుగుకు రెండు సఫారీలు

రెండు వేల ఇరవై మూడు. చెన్నైలో చూలై అనే పేట. ఒక బైండింగ్ షాపుకూ, అట్టపెట్టెలు చేసే షెడ్డుకూ మధ్య ఇరుక్కున్న మా ట్రావెల్స్ ఆఫీసు. ఆ ఏడు అక్కడి నుంచి ఒక మహాయాత్ర బయల్దేరింది. మూడు నగరాలు, ఒక మహారణ్యం, ఇరవై రెండేళ్ల రహస్యం, దాన్ని బయటపెట్టిన ఏనుగు. సర్దుకుని కూర్చోండి.

అంత లేదు. ఇద్దరు మనుషులు, ఒక చిన్న కారు, మూడు రాత్రుల టూరు. ఏనుగు మాత్రం నిజం.

నా ఉద్యోగం టూర్లు ప్లాన్ చేయడం. ఐటినరరీ రాస్తాను. అంటే ఏ రోజు ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి, ఏ బస్సు తప్పిపోయాక ఎవరు ఎవరిమీద అరవాలి అన్నీ వివరంగా ఉండే కాగితం. నేను మాత్రం ఎక్కడికీ పోను. బండిపూర్ అడవికి లెక్కలేనన్ని కుటుంబాలను పంపాను. నేను దగ్గరగా చూసిన పెద్ద జంతువు మా ఓనరే.

జూన్‌లో ఒక మధ్యాహ్నం రాయపురం నుంచి రూతమ్మ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. చేపల మార్కెట్ నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఫ్యాను తిప్పగానే ఆఫీసంతా ఆ సంగతి తెలిసింది.

"తంబీ, బెంగుళూరు, మైసూరు, ఆడి నుంచి బండిపూర్ అడివి. నేనూ మా ఇంటాయన. ప్యాలెస్సులూ పార్కులూ నాకొద్దు. నేను చెప్పే తావుల్లో మాత్రం ఆపాల."

"చెప్పండక్కా."

చెప్పింది. రాణిపేట దాటినాక చింతచెట్ల కింద టీకొట్టు. కృష్ణగిరి దగ్గర పంచరు షాపు. మండ్యలో బెల్లం వాసనొచ్చే మలుపు. గుండ్లుపేటలో బంతిపూల తోట పక్కన ఇడ్లీ బండి. నేను రాసుకుంటూ, "శానాసార్లు పోయినట్టుండారే" అన్నాను.

"ఒక్కసారి గూడా పోలా. ఇవన్నీ ఫోన్లో విన్నాను."

ఆమె భర్త దేవదానం చెన్నై పక్కనే ఉన్న మనలి నుంచి కెమికల్ ట్యాంకర్ నడిపేవాడు, కేరళలో ఒక ఫ్యాక్టరీకి. దారి బండిపూర్ అడవి గుండా. ట్యాంకర్‌లో బయటి మనిషిని ఎక్కించుకోకూడదు, పెళ్లామైనా సరే. అందుకని ఆగిన ప్రతిచోటు నుంచీ ఆయన ఫోన్ చేసి, కంటికి కనిపించేదంతా చెప్పేవాడు. ఇరవై రెండేళ్లు. పోయిన ఏడాదే రిటైరయ్యాడు.

"అడివిలో ఒక ఆడ ఏనుగుంది తంబీ. ఎడమ చెవి చినిగి ఉంటాది. ఈయప్ప లారీ చూస్తే రోడ్డు పక్కకొచ్చి నిలబడతాది. ఎస్తేరని పేరు నేనే పెట్టినా. దానికి పిల్ల పుట్టిందని ఫోన్ చేసిన రోజు వీధంతా కేసరి పంచినా. మాకా, పిల్లల్లేరు." కొంగుతో నుదురు తుడుచుకుంది. "దాన్ని ఒక్కసారి చూసొస్తే చాలు."

మా భాషలో దీన్ని సైటింగ్ అంటారు, అడవిలో జంతువు కనబడటం. ఏ ఐటినరరీలోనైనా చివర సన్నటి అక్షరాల్లో 'సైటింగ్‌కు గ్యారంటీ లేదు' అని వేస్తాం. ఆ రోజు ఆ లైను చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు. వృత్తిపరంగా అది తప్పు. అలాంటివి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి.

మర్నాడు దేవదానం ఒక్కడే వచ్చాడు. పొడుగ్గా ఉంటాడు. గడప దగ్గరే తలొంచి, అటూ ఇటూ చూసి, కుర్చీ ముందుకు లాక్కున్నాడు. హవాలా వ్యవహారమేమో అనుకున్నాను.

"తమ్ముడూ, అడివి బందని చెప్పెయ్. వానలని చెప్పు. ఏందో ఒకటి చెప్పు."

"ఎందుకన్నా? అక్క అంత ఆశగా ఉంటే..."

"ఆ ఏనుగు లేదప్పా."

"చచ్చిపోయిందా?"

"పుడితే గదా చచ్చేదానికి!" ముఖం రెండు చేతులతో రుద్దుకున్నాడు. "ఇరవై రెండేండ్లలో ఒక్క ఏనుగును నేను చూడలా. అడివిలో బండి నిలపకూడదు. రోడ్డంతా హంపులు. ట్యాంకులో సరుకు ఎట్లాంటిది? నేను హంపులు చూడాల్నా, ఏనుగుల్ని చూడాల్నా? మొదటి ట్రిప్పులో 'ఏనుగు కనపడిందా' అని అడిగింది. లేదని చెప్తే గొంతు అట్లా చిన్నదైపోయింది. రెండో ట్రిప్పుకు కనపడిందన్నా. అంతే. ఇంక అది పెరగతా పోయింది."

"పిల్ల కూడానా?"

"పిల్ల కూడా. దానికిప్పుడు తొమ్మిదేండ్లు."

నవ్వు ఆపుకోవడానికి నీళ్లు తాగాను. కానీ ఆయన నవ్వడం లేదు. "ఆడికి పోయి ఏమీ కనపడకపోతే ఇంత కాలం నేను అబద్ధం చెప్పినానని తెలిసిపోతాది. ఫోన్లో ఆ మాటలు తప్ప ఆమెకు నేనిచ్చిందేముంది తమ్ముడూ?"

అప్పుడు నేను నా మేధస్సు ఉపయోగించాను. ఒక సఫారీ, అంటే ఫారెస్టువాళ్ల బస్సులో అడవి లోపల ఒక చుట్టు, ఉండాల్సిన చోట రెండు వేశాను, ఒకటి సాయంత్రం, ఒకటి మర్నాడు పొద్దున. దీన్ని బఫర్ అంటాం. ఒకటి తప్పితే ఇంకొకటి ఉండేట్టు చేతిలో పెట్టుకునే అదనపు సమయం. "రెండింట్లో ఏదో ఒక ఏనుగు కనబడకపోదు. అదే ఎస్తేరు అనండి."

"చెవో?"

"మానిపోయిందనండి."

ఆయన నన్ను ఒక మహాత్ముణ్ణి చూసినట్టు చూశాడు. నన్నెవరైనా అలా చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

వాళ్లు బయల్దేరాక రూతమ్మ ఆగిన ప్రతిచోటు నుంచీ నాకే ఫోన్ చేసింది. టీకొట్టు ఉందట, చింతచెట్లు రోడ్డు వెడల్పులో పోయాయట. మండ్య దగ్గర బెల్లం వాసన వచ్చిందట. గుండ్లుపేటలో బంతిపూలు ఆయన చెప్పినదానికన్నా పసుపట. ప్రతి చోటా ఆయన చెప్పింది నిజమని తేలేకొద్దీ నాకు భయం పెరిగింది. మిగిలింది ఏనుగొక్కటే.

మొదటి సఫారీలో జింకలు, నెమళ్లు, ఏనుగు పేడ. "తాజాదంట తంబీ" అని సంతోషంగా చెప్పింది. నేను కూడా సంతోషించాను. అదీ మా వృత్తి.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి మళ్లీ ఫోన్. గొంతు నెమ్మదిగా ఉంది.

"కనపడింది తంబీ. బస్సుకు ఆనుకోని నిలబడింది. పక్కన పిల్ల గూడా."

"హమ్మయ్య! ఎస్తేరేనా?"

"నేను సరిగా చూడలా. ఈయనను చూస్తా ఉండిపోయినా. సీట్లోంచి లేసి నిలబడినాడు. డ్రైవరు కూచో కూచో అంటే వినపడలా. నోరు తెరిచి, కమ్మీ పట్టుకోని, చిన్నబిడ్డ మాదిరి వణికినాడు. ఇరవై రెండేండ్లు చూసినోడు అట్లా చూస్తాడా తంబీ?"

కస్టమర్లకు చెప్పడానికి నా దగ్గర డెబ్బై రకాల సాకులున్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. రెండు సఫారీలు వేసి, ఏనుగు కనబడకపోవడమే ప్రమాదం అనుకున్నవాణ్ణి నేను.

"అన్నను అడిగినారా అక్కా?" అన్నాను చివరికి.

"ఏమడగాల? పాపం గదా. నేను రాయపురంలో కూచోని, చేపలు కోసుకుంటా ఇన్నేండ్లు అడివంతా చూసినా. ఆయన దాంట్లోనే తిరిగి ఏమీ చూడలా." గొంతు సవరించుకుంది. "రెండు తూర్లూ కిటికీ పక్కన నేనే కూచున్నా. ఈరోజు సాయంత్రం ఇంకొకటి వెయ్యి. ఈసారి కిటికీ ఆయనకు. ఇంకో రాత్రి ఈడ్నే ఉంటాము."

ఆమె ఫోన్ వెనక ఏదో పిట్ట ఆగి ఆగి అరుస్తోంది. ఆమె కూడా ఇన్నేళ్లూ ఇలాగే ఫోన్ చెవికి ఆనించి, వెనకాలి చప్పుళ్లు ఏరుకునేదేమో. బైండింగ్ షాపు మిషన్ మోతలో కూర్చుని, మొదటిసారి నాకూ పోవాలనిపించింది. ఫలానా చోటికని కాదు. ఎవరైనా నాకోసం అంత వివరంగా చెప్పిన చోటికి.

"అదేం పిట్టక్కా?" అని అడిగాను.

"పిట్ట గాదు. లాడ్జి గేటు. ఆయిలు లేక."

ఆ తర్వాత నేను ఒక పద్ధతి మార్చుకున్నాను. ఎవరైనా వచ్చి ఫలానా చోటికి పోవాలంటే, ఎన్ని రోజులు, ఎంతమంది అని మొదలుపెట్టను. ఆ చోటు సంగతి మీకెవరు చెప్పారని అడుగుతాను. కొందరు ఫోన్లో రీలు చూపిస్తారు. కొందరు మాత్రం ఒక్క నిమిషం కిందికి చూసి, ఒక పేరు చెబుతారు. ఆ పేరుగల మనిషి ఇంకా బతికి ఉంటే, వాళ్లకూ బండిలో చోటుండేట్టు రాస్తాను. లేకపోతే ఆగే చోట్లు రెండు ఎక్కువ వేస్తాను.

అన్నట్టు, ఆ సాయంత్రం మూడో సఫారీలో దేవదానానికి కిటికీ దొరకలేదు. సఫారీ బస్సులో సీటు నంబర్లుండవు, ముందెక్కినవాళ్లదే కిటికీ. అరగంట ముందు పోయి లైన్లో నిలబడాలి. ఆ సంగతి నా ఐటినరరీలో లేదు.