పిన్నిగారి పులుసులో ఉప్పు

నిన్న పొద్దున్న కాకినాడలో ఒక క్లినిక్ బయట, బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని డాక్టర్ గారి పిలుపు కోసం కూర్చున్నాను. ఫోన్ మోగింది. పిన్నిగారి అమ్మాయి లలిత.

"అన్నయ్యగారూ, అమ్మ పోయిందండి. తెల్లవారుజామున, నిద్రలోనే."

లోపల్నుంచి నా పేరు పిలిచారు. వినిపించినా లేవలేకపోయాను.

ఆవిడ చేతి భోజనం తిన్న మా బ్యాచ్ వాళ్ళకి ఆవిడ గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. సీతామహాలక్ష్మి గారు, మా అందరికీ పిన్నిగారు. రాజమండ్రి మెయిన్ రోడ్డు వెనక సందులో, పెంకుటింటి ముందు గదిలో మెస్ నడిపేవారు. వంట ఆవిడది, వడ్డన బాబాయిగారిది. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే, నెయ్యి చేతి మీదే పోసేస్తానని బెదిరించే మనిషి ఆయన.

తొంభైల చివర్లో నేను కొత్త మెడికల్ రెప్‌ని. పదకొండింటికల్లా తినేసి బస్సెక్కాలి కాబట్టి రోజూ మొదటి పంక్తిలోనే కూర్చునేవాణ్ణి. పన్నెండు అరిటాకులు. ఆవపెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, ముక్కల పులుసు, గడ్డపెరుగు. ఇది రాస్తుంటే నోరూరుతోంది, సిగ్గుగానూ ఉంది.

పిన్నిగారిది మడి వంట. నైవేద్యం పెట్టేదాకా రుచి చూడరు. ఆ తర్వాత కూడా అందరి భోజనాలూ అయితేగాని మెతుకు ముట్టేవారు కాదు. అందుకని ఉప్పు చూసే పని మొదటి పంక్తిదే. పులుసు వడ్డించగానే వంటింటి గుమ్మంలోకి వచ్చి అడిగేవారు.

"ఉప్పు సరిపోయిందా బాబూ?"

అందరూ తలూపేవారు. మన గోదావరి జిల్లాల మొహమాటం తెలిసిందేగా, గొంతు దిగకపోయినా "బ్రహ్మాండమండి" అంటాం.

చేరిన వారానికి నేను మాత్రం "కొంచెం తక్కువైందండి" అనేశాను. కుర్రతనం. పంక్తంతా నా వైపు చూసింది.

ఆవిడ గబగబా లోపలికెళ్ళి గిన్నెలో ఉప్పు కలిపి పంపారు. మర్నాడు నా ఆకులో కూర రెండింతలు పడింది. "మీ బాబాయిగారు ముప్పై ఏళ్ళుగా బాగుందనే అంటున్నారు. నిజం చెప్పే నోరు ఒకటుండాలి బాబూ" అన్నారు.

అప్పట్నుంచి నన్నొక్కణ్ణే అడిగేవారు. మొదటి ఆకు నాది. ప్రమోషన్ వచ్చినట్టు కాలర్ ఎగరేసుకుని తిరిగాను.

నాలుగేళ్ళకి బాబాయిగారు పోయారు.

దినాలయ్యాక పిన్నిగారు మెస్ మళ్ళీ తెరిచారు. సరుకులు తెచ్చేది ఎప్పుడూ బాబాయిగారే, ఎక్కడ దొరికినా వెతికి రాళ్ళ ఉప్పే తెచ్చేవారు. ఆయన లేకపోయేసరికి కొట్టువాడు మెత్తటి ప్యాకెట్ ఉప్పు పంపాడు. ఆవిడ కొలత మాత్రం అదే గుప్పెడు, మెత్తటిదైతే గుప్పెట్లో ఎక్కువ పడుతుంది. ఆ తేడా ఎంతో, పులుసు నోట్లో పెట్టుకోగానే తెలిసింది.

ఆవిడ గుమ్మంలోకి వచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఉప్పు సరిపోయిందా బాబూ?"

ఆ మొహం చూసి ఎలా చెప్పను? "సరిపోయిందండి" అన్నాను.

నేనన్నాను కాబట్టి మర్నాడూ అదే గుప్పెడు. మర్నాడు నిజం చెబితే నిన్న అబద్ధమాడానని తేలుతుంది. ఎల్లుండి చెబితే రెండు రోజులు ఆడానని తేలుతుంది. అలా నాన్చుతూ పోయాను.

ఆవిడంతట ఆవిడకి తెలిసే దారీ లేదు. అప్పటికే బీపీ అని డాక్టర్ ఉప్పు మాన్పించేశారు, చప్పటి మజ్జిగన్నమే తినేవారు. ఆ సంగతి నాకు తెలుసు. బీపీ మాత్రల శాంపిల్స్ తెచ్చిచ్చింది నేనే.

పన్నెండు ఆకుల పంక్తి ఏడుకి వచ్చింది. తర్వాత నాలుగుకి. చెప్పడానికి నోరు రావట్లేదు కానీ, వారంలో మూడు రోజులు నేను కూడా "క్యాంపండి పిన్నిగారూ" అని చెప్పి బస్టాండ్ దగ్గర పూరీ తిన్నాను.

సంవత్సరం తిరక్కుండా మెస్ మూసేశారు. లలిత వచ్చి ఆవిణ్ణి అమలాపురం తీసుకెళ్ళిపోయింది.

పోయినేడు చూడ్డానికి వెళ్ళాను. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, ఉన్నట్టుండి అడిగారు.

"ఆఖర్లో నా వంటేమన్నా తేడా చేసిందా బాబూ? నువ్వైతే చెబుతావు."

ఎన్నేళ్ళుగా మనసులో పెట్టుకున్నారో. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా. "అబ్బే, అమృతమేనండి" అన్నాను. ఆవిడ సరేనని తలూపారు. పెద్దావిడకి మంచి మాట చెప్పాననుకుని హాయిగా బస్సెక్కాను.

నిన్న ఫోన్‌లో లలిత ఏడుస్తూ అంది. "మీరొచ్చి వెళ్ళాక అమ్మ ఎప్పుడూ ఒకటే మాటండి. 'అతనే తేడా లేదన్నాడంటే, జనం తగ్గింది మీ నాన్నగారు లేకే. ఇన్నాళ్ళూ వచ్చింది ఆయన వడ్డన కోసమేనే లలితా, నా వంట కోసం కాదు' అనేది."

ముప్పై ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడి సంపాదించుకున్న పేరు. అది తనది కాదనుకుని వెళ్ళిపోయారు ఆవిడ. నా వల్ల.

నిన్న సాయంత్రం అమలాపురం వెళ్ళాను. చివరిచూపు దక్కింది. చుట్టూ అందరూ ఉన్నారు, అక్కడా చెప్పకుండానే దణ్ణం పెట్టి వచ్చేశాను. అందుకే ఇక్కడ, మీ అందరి ముందూ చెబుతున్నాను.

పిన్నిగారూ, పులుసులో ఉప్పు ఎక్కువైందండి.

తప్పు మీ చేతిది కాదు, ఉప్పు మారింది. మేమంతా వచ్చింది మీ వంట కోసమేనండి.

వెళ్ళిరండి. అక్కడైనా మొదటి పంక్తిలో మీరే నెమ్మదిగా, మనసు కుదుటపడి భోజనం చెయ్యండి.