కాళ్ళు కనపడే కెమెరా స్టాండు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, పొయ్యి మీద పని కాసేపు ఆగుతుంది. మా ఇంటికి కంప్యూటరు కెమెరా వచ్చిన సంగతి చెబుతాను.

మా చెల్లెలు పూణేలో ఉండేది. నెలలు నిండకుండానే అక్కడే కాన్పయింది. మాకు అమ్మ లేదు, దానికి అత్తగారు లేరు. ఆ ఇంట్లో పెద్దదిక్కు మామగారొక్కరే. నేను వెళదామంటే మా అత్తగారు తుంటి విరిగి మంచాన ఉన్నారు. నెల దాటినా పిల్లాణ్ణి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోయడానికి చెల్లెలికి ధైర్యం చాలలేదు. జారిపోతాడేమోనని భయం. తడిగుడ్డతో తుడిచి సరిపెట్టేది. ఫోనులో ఎంత విడమరిచినా, తల ఎటు పెట్టాలని మళ్ళీ మొదటికొచ్చేది.

మా ఆయన లెక్కల మాస్టారు, కంప్యూటరంటే సరదా. కెమెరా ఒకటి తెచ్చి మానిటరు నెత్తిన కూర్చోబెట్టారు. నేను తువ్వాలు చుట్టిన ఆనపకాయను పిల్లాడనుకుని, కెమెరాకి ఎదురుగా పీట వేసుకుని కాళ్ళు చాపాను. తెర మీద చూద్దును కదా, అవతల చెల్లెలి మామగారు కళ్ళజోడు సర్దుకుని ముందే కూర్చున్నారు. నా అరికాళ్ళు రెండూ సరిగ్గా ఆ పెద్దాయన మొహానికి! ఆయన మంచినీళ్ళు తాగొస్తానని మెల్లగా లేచారు. నాకు తల కొట్టేసినట్టయింది.

కెమెరాని వేరేచోట నిలబెట్టే స్టాండు కోసం శనివారం రాజమండ్రి వెళ్ళాం. కొట్టాయన మూడు రకాలు చూపించాడు: మానిటరును పట్టుకునే క్లిప్పు, బుల్లి మూడుకాళ్ళది, మర బిగించుకునే పొడుగు మెడది. అందరూ క్లిప్పే పట్టుకెళతారన్నాడు. మా ఆయన కూడా అదే చాలన్నారు. చెబితే వీళ్ళకి అర్థం కాదని, కొట్లోనే నేల మీద కూర్చుని కాళ్ళు చాపేశాను. మా ఆయన నాకేం సంబంధం లేదన్నట్టు గుమ్మం బయటికి నడిచారు.

"కుర్చీ ఉందండి మేడంగారూ," అన్నాడు కొట్టాయన.

"కుర్చీలో కూర్చుని పిల్లాడికి నీళ్ళు పోస్తారేంటండి? నా భుజం వెనకనించి ఈ కాళ్ళు కనపడాలి."

పాపం, కొట్లో ఉన్న కెమెరాతో ఓపికగా మూడూ పెట్టి చూశాడు. క్లిప్పు నా వెనక వేసిన కుర్చీకి పట్టలేదు. మూడుకాళ్ళదానికి నా జడముడి తప్ప ఏమీ కనపడలేదు. పొడుగు మెడదాన్ని కుర్చీ వీపుకి బిగించి, భుజం మీదుగా వంచాడు. మోకాళ్ళనించి పాదాల దాకా తెర మీదికి వచ్చాయి. ఇంకేం, అదే కట్టించుకున్నాం.

ఆదివారం పొద్దున్న ఆనపకాయను బోర్లా వేసి, ఎడమచెయ్యి గుండె కింద ఆనించి, కుడిచేత్తో వీపు రాశాను. చెల్లెలు తెరకి దగ్గరగా వంగింది. తర్వాత మెల్లగా అంది: "అక్కా, అవి నా కాళ్ళలాగే ఉన్నాయే. ఇప్పుడు నా చేతులెక్కడుండాలో తెలుస్తోంది."

కుర్చీ వదిలి వెళ్ళిపోయింది. తెర మీద ఖాళీ కుర్చీని చూస్తూ నేను చేతులు నలుపుకుంటున్నాను. లోపల చెంబు చప్పుడు, పిల్లాడి గుక్కపట్టిన ఏడుపు. కాసేపటికి రెండూ ఆగాయి. అప్పుడు మామగారొచ్చి కూర్చున్నారు.

"నీళ్ళు పోసేసిందమ్మా. ఒళ్ళు తుడుస్తుండగానే నిద్రపోయాడు," అన్నారు.

మీ ఇంట కూడా వేన్నీళ్ళు కాగుతూ ఉండాలి, పోసే చేతికి బెదురు లేకుండా ఉండాలి, పోయించుకున్న బిడ్డ హాయిగా నిద్రపోవాలి. చల్లగా ఉండండి.