అరువు గొంతు

లూ యన్‌చిన్‌కు పెట్టిన విగ్గు అందరి విగ్గులకన్నా ముందు ఊడేది.

అప్పటికి నేను రాజుల కాలంనాటి సీరియళ్ళు తీసే హెంగ్‌దియన్ స్టూడియోల్లో విగ్గులు కడుతూ చాలా కాలమైంది. నుదుటి అంచున సన్నటి వలగుడ్డను జిగురుతో అంటించి, పైన పౌడరు అద్దితే అది భోజనాల వేళ దాకా కదలకూడదు. ఈమెకు రెండు షాట్లు కాగానే కణతల దగ్గర లేచిపోయేది. జిగురు మార్చాను. గుడ్డ మార్చాను. చివరికి షాట్ తీస్తుంటే పక్కన నిలబడి చూశాను. ఆమె నిజంగా మాట్లాడుతోంది. దవడ కదిలినప్పుడల్లా జిగురు లాగుతోంది.

మా దగ్గర సెట్‌లో మాట్లాడేవాళ్ళు తక్కువ. గోడ అవతల ఇంకెవరిదో యుద్ధం సీను నడుస్తుంటుంది, డప్పులు, గుర్రాలు. గొంతులన్నీ తర్వాత బీజింగ్‌లో వేరేవాళ్ళు చెబుతారు. అందుకని డైలాగు బట్టీ పట్టడం దేనికని చాలామంది అంకెలు చెప్పేసేవారు. యువరాజు వేషం వేసే గావ్ పెయ్ కళ్ళనిండా నీళ్ళతో ఆమె చేతులు పట్టుకుని "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అనేవాడు. ఆమె మాత్రం ప్రతి మాటా పలికేది.

"ఆ నోటికి కాస్త సెలవివ్వక్కా. ఎలాగూ నీ గొంతు ఉంచరుగా," అన్నాడతను ఒకసారి.

"నువ్వు ఏడు దగ్గర ఏడ్చి ఎనిమిది దగ్గర నవ్వుతున్నావు. నేనెక్కడ అందుకోవాలి తమ్ముడూ?" అంది. లైట్లవాళ్ళు నవ్వారు, గావ్ కూడా నవ్వాడు. మళ్ళీ షాట్‌లో ఒకటి నుంచే మొదలుపెట్టాడు.

ఆమెది గ్వెయ్‌జౌ కొండల్లో బొగ్గుగనుల ఊరు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి గని గేటు ముందు బియ్యపు సేమ్యాలు ఉడికించి, మిరపనూనె పోసి అమ్మి పెంచింది. పొడుగ్గా, తీర్చిన మొహంతో పెరిగిన పిల్లను పక్కింటివాళ్ళే అందాల పోటీకి పంపారు. ప్రశ్నల వంతులో ఆమె నోరు విప్పగానే హాలంతా ఘొల్లున నవ్వింది, అంత పచ్చి కొండయాస. అయినా కిరీటం ఆమెకే వచ్చింది. "మాట తప్ప అన్నీ బావున్నాయి," అన్నాడట తలమీద కిరీటం పెట్టిన పెద్దమనిషి.

ఆ ఒక్క మాట ఆమెను వదల్లేదు. హెంగ్‌దియన్ వచ్చాక వేషాలకు కరువు లేదు. రెండో రాణి, విషం తాగే యువరాణి, సన్యాసినిగా మారే సేనాపతి కూతురు. అన్నింటికీ బీజింగ్‌లో ఒకే అమ్మాయి గొంతు ఇచ్చేది. ఆ అమ్మాయిని యన్‌చిన్ ఎన్నడూ చూడలేదు.

ఆమె తల్లికి నెమ్మదిగా చూపు పోయింది. పూర్తిగా పోయిన ఏడు, మేకప్ గదిలో నేను జుట్టు దువ్వుతుండగా ఫోన్ వచ్చింది. యన్‌చిన్ స్పీకరు పెట్టింది.

"నిన్న నువ్వు చచ్చిపోయావంటగా పిల్లా," అంది తల్లి. "పక్కింటి ముసల్ది ఏడుస్తా చెప్పింది. నాకైతే ఎవరో పరాయి పిల్ల పోయినట్టుంది. కళ్ళుపోయాయి గానీ చెవులు పోలేదు కదే. నీ మాట ఎందుకు రాదు?"

"వస్తుందమ్మా. ఈసారి నా మాటే వస్తుంది."

అలా మాటిచ్చేసింది. ఆ రోజునుంచి ఆమెకు ఇంకో కోరిక లేదు. ఉచ్చారణ నేర్పే ఓ రిటైరైన నాటకాల మాస్టారిని వెతికి పట్టుకుంది. విగ్గు కడుతున్నంతసేపూ అద్దంలో చూస్తూ సాధన చేసేది. నేను జిగురు ఆరేదాకా నోరు మూసుకోమంటే ముక్కుతో చెప్పేది. అలా రెండేళ్ళు దాటాక, కొత్త సీరియల్ డైరెక్టరు ఫాంగ్‌ను బతిమాలింది. ఆయన విసుక్కుని, చివరికి యువరాణి విడిపోయే సీను ఒక్కటీ ఆమెనే చెప్పుకోమన్నాడు. బీజింగ్ వెళ్ళి చెప్పి వచ్చింది. ఫాంగ్ మాటల పొదుపరి, ఆయనే బావుందన్నాడు. నేనూ విన్నాను. కొండయాస ఎక్కడా లేదు. అందులో ఉన్నది ఆమే.

సీరియల్ ప్రసారానికి ముందు నిర్మాత హౌ మేడమ్ పిలిపించింది. విగ్గుల పెట్టెలు అప్పగించడానికి నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"తప్పు నీది కాదమ్మా, బాగా చెప్పావు," అంది ఆవిడ. "కానీ కొందరిని పిలిచి చూపించాం. ఆ సీను రాగానే, లూ యన్‌చిన్‌కి ఇదెవరో డబ్బింగ్ చెప్పారేంటి అని అడిగారు. ఇన్నేళ్ళూ జనం నీ మొహంలోంచి విన్నది ఆ అమ్మాయినే. వాళ్ళకి అదే నీ గొంతు. నేనేం చెయ్యను చెప్పు?"

ఆ సీనుకూ పాత గొంతే ఖాయమైంది. ఎవరిమీద కోప్పడాలో అక్కడ ఎవరికీ తెలియలేదు.

చలికి షూటింగులు ఆగాయి. తల్లికి సంగతి చెప్పలేక, ఒంటరిగా వెళ్ళలేక, నన్నూ వెంట తీసుకెళ్ళింది. వాళ్ళింట్లో కింద బొగ్గుపొయ్యి ఉన్న బల్ల చుట్టూ దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. తల్లి కొత్త స్వెట్టరు వేసుకుంది. పక్కింటి ముసలామె పొద్దుతిరుగుడు గింజలు తెచ్చింది. విడిపోయే సీను వచ్చింది.

యన్‌చిన్ చటుక్కున టీవీ గొంతు నొక్కేసింది. తెరమీద తన పెదవులు కదులుతుంటే, తల్లి పక్కనే కూర్చుని తానే చెప్పింది. ఒక్క మాటా తెరమీది పెదవులకన్నా ముందు పడలేదు, వెనక పడలేదు. ముసలామె గింజలు నమలడం మానేసింది. బీజింగ్‌లో చెప్పినదానికన్నా బాగా చెప్పిందని నాకనిపించింది.

తల్లి తల వంచుకుని కాసేపు వింది. తర్వాత బల్లమీద తడుముకుంటూ కూతురి చెయ్యి పట్టుకుంది.

"కరెంటు పోయిందా?" అంది.

"లేదమ్మా. నేనే. యువరాణి మాటలు."

"అది తెలుస్తానే ఉంది, నువ్వు పక్కన కూర్చుని మాట్లాడతన్నావు. మరి ఆ పిల్లేదే?"

"ఏ పిల్లమ్మా?"

"అదే, రోజూ వచ్చే పిల్ల. ఈ మూడేళ్ళూ చీకట్లో నాకు తోడున్నది ఆ పిల్లే. నువ్వనుకుని వినడం అలవాటు చేసుకున్నాను. ఇవాళ ఏడుస్తుందన్నారు. ఏం చెబుతుందో విననీ తల్లీ, అయిపోతుంది."

యన్‌చిన్ రిమోటు అందుకుంది. ముసలామె నావైపు చూసింది. నేను పొయ్యివైపు చూశాను.

"తొందరగా పెట్టవే," అంది తల్లి.

పెట్టింది. గదిలో బీజింగ్ అమ్మాయి ఏడుపు నిండింది. తల్లి స్వెట్టరు చేతితో కళ్ళు ఒత్తుకుంటూ, ఇంకో చేత్తో కూతురి చెయ్యి నిమురుతూ కూర్చుంది. కూతురు తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. తెరమీద తన నోరు మూతపడేదాకా చూస్తూనే ఉంది.